రక్తం చెప్పిన చాడీ

మీరిప్పుడు సర్వేకు వెళ్తే చేతిలో ఫోన్ ఉంటుంది. ఒక గడి వదిలేస్తే అది ముందుకు కదలదు, తప్పు రాస్తే ఎర్రగా మెరిసి తిడుతుంది. మా కాలంలో మమ్మల్ని తిట్టడానికి పెద్దసారు ఒక్కరే ఉండేవారు. ఒక్కరే అయినా ఆ లోటు ఎప్పుడూ తెలియనివ్వలేదు.

తొంభైల మొదట్లో కరీంనగర్‌లో ఒక ఆహార సర్వే ఆఫీసులో చేరాను. తాత్కాలిక ఉద్యోగం. నాకప్పుడు ఇరవై రెండేళ్లు, బిడియం మాత్రం ఐదేళ్ల పిల్లది. బస్సులో కండక్టరు చిల్లర ఇవ్వడం మరిచిపోతే అడగలేక దిగిపోయేదాన్ని. అలాంటిదాన్ని పట్టుకొని "ఇంటింటికీ పోయి నిన్న ఏం తిన్నారో అడిగి రా" అన్నారు. ఒక మనిషిని నిన్న ఏం తిన్నావని అడగడం ఎంత పెద్ద ప్రశ్నో అడిగితేగానీ తెలియదు. బీరువాలో ఏముందని అడిగినా అంత ఇబ్బంది పడరు.

ఆ బెరుకంతా రాత్రి డైరీలో కక్కేదాన్ని. నోటితో అననివన్నీ అందులో రాసుకునేదాన్ని. ఆ డైరీతో పాటు ఫారాల ఫైలులో ఎప్పుడూ ఒక నవల కూడా దాగి ఉండేది. ఈ కథలో ఆ రెంటికీ పని ఉంది.

మా సర్వే సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. పాలు, పెరుగు, నెయ్యి ఎవరెంత తింటున్నారు, దానివల్ల వాళ్ల ఒంట్లో చక్కెర, కొవ్వు ఎలా ఉంటున్నాయి అన్నది తేల్చాలి. తినేది ఎంతో మనుషులు సరిగ్గా చెప్పరు కదా, అందుకని రక్తాన్ని కూడా అడుగుతారు. మొదటి రోజు పెద్దసారు సుద్దముక్కతో బోర్డు మీద రాసి చెప్పారు. పల్లి నూనెలో, కుసుమ నూనెలో ఉండే కొవ్వు ఆమ్లాల్లో కర్బనాలు దాదాపు అన్నీ సరిసంఖ్యలోనే ఉంటాయి. బర్రె నెమరు వేసేటప్పుడు దాని కడుపులోని సూక్ష్మజీవులు మాత్రం పదిహేను కర్బనాలున్న బేసి ఆమ్లాన్ని తయారుచేస్తాయి. అది పాలకొవ్వులోకి వస్తుంది. మన ఒళ్లు దాన్ని సొంతంగా చేసుకునేది చాలా తక్కువ. కాబట్టి ఒకరి రక్తంలో ఆ బేసిది ఎక్కువగా కనిపించిందంటే, ఆ మనిషి పాలకొవ్వు తిన్నట్టే లెక్క.

పక్కనే కూర్చున్న సిస్టరక్క నా చెవిలో గొణిగింది. "గింతే చెల్లె. నోరు అబద్ధమాడుతది, నెత్తురు చాడీలు జెప్తది."

సిస్టరక్క అంటే మా బృందంలో రక్తం తీసే నర్సు. మెట్‌పల్లి మనిషి. సూది గుచ్చుతూ అవతలివాళ్లను నవ్వించగలదు. ఆమెదీ నాలాగే తాత్కాలిక ఉద్యోగం, ఇంట్లో జీతం వచ్చేది ఆమె ఒక్కదానికే. అంతకుముందు ఒకసారి జీపు కుదుపులకు ట్యూబులు పగిలి, ఇంకోసారి తప్పు జరిగితే ఇంటికే అని పెద్దసారు చేత అనిపించుకుంది.

హైదరాబాద్ ల్యాబు సరిగ్గా కొలుస్తుందో లేదో చూడడానికి ఆఫీసులో మేం ఆరుగురం కూడా రక్తమిచ్చాం. పేర్లుండవు, నంబర్లే. ఎవరి ఫారం వాళ్లే నింపాలి. పాల పదార్థాల గడిలో పెద్దసారు "నిల్" అని రాసి, కింద గీత కొట్టారు. డాక్టరు కొవ్వు మానమన్నాడనీ, ఇంట్లో మేడం ఏడాదిగా నెయ్యి చుక్క పడనివ్వడం లేదనీ, తానూ నిష్ఠగా ఉన్నాననీ చెప్పారు. ఆ నిష్ఠ చూసి నాకు నిజంగానే గౌరవం కలిగింది. ఆ రోజు డైరీలో కూడా రాశాను.

ఇక అసలు ఊరు. సుల్తానాబాద్‌లో దిగి ఇంకో బస్సెక్కాలి. ఆ ఊళ్లో నలభై ఒకటో నంబరు ఒక పెద్ద రైతు ఇంటి కోడలు, నలభై రెండు వాళ్ల వెనక సందులో మగ్గం నేసే ఇంటావిడ. పరగడుపున రక్తం తీయాలి కనుక పొద్దున్నే వెళ్లాం. ఇద్దరినీ రైతు ఇంటి అరుగు మీదే కూర్చోబెట్టాం. అరుగు మధ్యలో ఆ ఇంటి అత్తగారు ముందే కూర్చొని ఉంది. ఆమెను కాస్త లోపలికి వెళ్లమనాలని నాకు తెలుసు. శిక్షణలో అదే మొదటి పాఠం. కానీ ఆమె నన్ను "ఏంది బిడ్డా, గింత బక్కగున్నవు" అని పలకరించింది. అంత ఆప్యాయంగా పలకరించిన మనిషిని లేచి పొమ్మనే ధైర్యం నాకెక్కడిది?

కోడలు అప్పుడే సల్ల, అంటే మజ్జిగ, చిలికి వచ్చింది. చేతులు కొంగుకు తుడుచుకొని, ఒప్పుకోలు పత్రం మీద సంతకం పెట్టింది. గుండ్రటి, ముత్యాల్లాంటి అక్షరాలు. పక్కనే కాగితానికి వెన్న మరక అంటింది.

"పాలు రోజూ తాగుతారా?" అని కోడలిని అడిగాను.

"ఎందుకు తాగది?" అంది అత్తగారు. "మూడు బర్రెలున్నయి. పాలల్ల ముంచి తీస్తున్నం."

"పెరుగు?"

"పెరుగుకేం తక్కువ? రాస్కో బిడ్డా, రెండు పూటలు."

కోడలు నేల చూపులు చూస్తోంది. నేను రాసుకున్నాను. పాలు రోజూ, పెరుగు రెండు పూటలు.

తరువాత మగ్గం ఇంటావిడ. "పాలా? మా ఇంట్ల చాయ్ కూడ నల్లగనే ఉంటదక్కా. పాలు బోస్తే చాయ్ మమ్ముల గుర్తువట్టది" అని నవ్వింది. నూనెల పేజీలో "నెలకు వెన్న, నెయ్యి ఎంత కొంటారు?" అని ఉంది. "కొనుడా? ఎప్పుడు కొనలే" అంది. అన్నాక అత్తగారి వైపు ఒకసారి చూసింది. ఆ చూపు నాకు కనబడింది. ఏమిటని అడగలేదు. డైరీలో మాత్రం రాసుకున్నాను.

వెళ్లేటప్పుడు కొట్టం ముందు నుంచి నడిచాం. ఒక బర్రె కొమ్ముకు ఎర్రదారం కట్టి ఉంది. "కొండగట్టు అంజన్న దారం బిడ్డా" అంది అత్తగారు. "పాలు మంచిగనే ఇస్తది గని వెన్న సరిగ వడ్తలేదు. ఎవల దిష్టో ఏమో!"

తిరుగు ప్రయాణంలో సుల్తానాబాద్ బస్టాండు పక్కన నవలలు అద్దెకిచ్చే కొట్టులో ఒక నవల తీసుకున్నాను. జీతమొచ్చిన కొత్తలో నేను చేసిన దుబారా అంతా అదే. ఆ రాత్రి డైరీ: "నవల బాగుంది, చివర బాగాలేదు. ఎవరో నాకంటే ముందే ఆఖరి పేజీలో పెన్సిల్‌తో అదే రాశారు: 'చివరికి ఆమె వాన్ని ఎందుకు క్షమించాలె?' పేజీలకు జిడ్డు. వాసన చూస్తే ఆకలేస్తోంది."

రెండు నెలలకు ల్యాబు నుంచి అంకెలొచ్చాయి. వాటిని పెద్ద పుస్తకంలోకి ఎక్కించే పని నాదే. శనివారం మధ్యాహ్నం పెద్దసారు పిలిచారు.

"ఏందమ్మా ఇది? రెండు పూటల పెరుగు తినే నలభై ఒకటి నెత్తురుల బేసిది కనవడ్తలేదు. నల్ల చాయ్ తాగే నలభై రెండుకేమో డబ్బ నెయ్యి తాగినట్టున్నది!"

నేను నేల చూపులు చూశాను. ఆ విద్య నాకూ వచ్చు.

"ఒకటే అరుగు, ఒకటే పొద్దు, పక్కపక్క నంబర్లు. ఇంకేముంది, ట్యూబులు తారుమారైనయి. చీటీలు అంటించింది ఎవరు?"

"సిస్టరక్క" అన్నాను. అనగానే నాలుక కరుచుకున్నాను.

ఆయన ఒక కాగితం నా ముందుకు తోశారు. సిస్టర్ పొరపాటున రెండు చీటీలు తారుమారుగా అంటించినట్టు టైపు చేసి ఉంది. కింద నా సంతకం కోసం ఖాళీ. "సోమారం నేను హైదరాబాద్ పోతున్న. సంతకం వెడితే రెండు నంబర్లు మార్చి రాసుకుంటం, అంతా సాఫ్. పెట్టకుంటే ఫారాలు నువ్వు ఇంట్ల కూసొని నింపినట్టు లెక్క. నీ ఊళ్లన్ని పక్కన వెడ్త, నిన్ను కూడ."

పిల్లలూ, ఎంత సుళువైన అబద్ధమో చూడండి. ఒక్క సంతకంతో అంకెలన్నీ బుద్ధిగా వరుసలో నిలబడతాయి. కానీ ఆ వరుస వెనక ఇంకొకటి ఉంది. నలభై ఒకటో ట్యూబు పరీక్షలో ఆ మనిషి ఒంట్లో రక్తం చాలా తక్కువని తేలింది. అలాంటివాళ్లకు మేం ఇనుము మాత్రలు ఇవ్వాలి. నంబర్లు మారిస్తే ఆ మాత్రలు తప్పు మనిషికి పోతాయి. సిస్టరక్క ఇంటికి పోతుంది. పాలకొవ్వు తిన్నవాళ్ల చక్కెర ఎంత, తిననివాళ్లది ఎంత అని మేం చూసే లెక్క కూడా ఆ మేరకు అబద్ధమవుతుంది.

ఇంటికొచ్చి డైరీ తీశాను. ఆనాటి పేజీలో ఇలా ఉంది: "అక్క ప్లాస్టరు మీద నంబరు రాసి, ట్యూబుకు అంటించి, పైకి చదివి, నా ఫారంతో సరిచూసుకొని, అప్పుడుగానీ రెండోవాళ్ల చెయ్యి పట్టుకోలేదు. ఒకసారి దెబ్బ తిన్న మనిషి." అంటే ట్యూబులు మారలేదు. మరి?

ఆ పేజీ కిందే నవల సంగతి. జిడ్డు. పెన్సిల్ అక్షరాలు. గుండ్రంగా, ముత్యాల్లా ఉన్నాయని నేను రాయలేదు గానీ, రాయనిది కూడా ఒక్కోసారి డైరీలో కనిపిస్తుంది. ఫైలు తెరిచి కోడలి సంతకం చూశాను. అదే చేతిరాత. పక్కనే వెన్న మరక. నాకు నవ్వొచ్చింది, వెంటనే భయమూ వేసింది.

ఆదివారం సిస్టరక్కను వెంటబెట్టుకొని, దారిలో సుల్తానాబాద్ కొట్టులో అదే నవల మళ్లీ అద్దెకు తీసుకొని, ఆ ఊరు వెళ్లాను. సంతకం కాగితం సంగతి చెప్పినప్పుడు ఆమె మొహం పాలిపోయింది. బస్సు దిగేసరికి మళ్లీ మామూలు మనిషైంది. "ఫికర్ జెయ్యకు చెల్లె. ముసలమ్మ బీపీ నేను చూస్త. చూసుడు జర ఆలస్యమైతది" అని అత్తగారిని లోపల మంచం మీద పడుకోబెట్టి, కదలొద్దంది. నేను వెనక సందులో మగ్గం ఇంటికి వెళ్లాను. కోడలు నీళ్లబిందె నెపంతో అక్కడికే వచ్చింది.

ఏమని మొదలుపెట్టాలో తెలియక, నవల తీసి ఆఖరి పేజీ చూపించాను. "నాక్కూడా అదే అనిపించింది. ఎందుకు క్షమించాలి?"

కోడలు బిందె దించి పుస్తకం చేతిలోకి తీసుకుంది. "నువ్వు గూడ సదువుతవా అక్కా?" అంది. తరువాత ఆగలేదు. పదో తరగతి దాకా చదివిందట. అత్తగారికి పుస్తకం కనబడితే పొయ్యిలోకే. మగ్గం ఇంటాయన వారానికోసారి నేసిన బట్ట అమ్మడానికి సుల్తానాబాద్ పోతాడు, వచ్చేటప్పుడు అద్దె నవల తెస్తాడు. దానికి బదులు పొద్దున సల్ల చిలికినప్పుడల్లా నిమ్మకాయంత వెన్న కోడలు కొంగులోకి, కొంగులోంచి గోడ మీదుగా ఈ ఇంట్లోకి.

"మరి పాలు, పెరుగు?"

"పాలు శానమట్టుకు పాల కేంద్రానికే పోతయి. ఇంటికి సరిపోను ఇన్ని తోడువెట్టి చిలుకుతం. వెన్న కాసి నెయ్యి అమ్ముతరు. నాకు మిగిలేది సల్లనే. మా అత్త అబద్ధమాడలే అక్కా, సల్లను గూడ పెరుగంటది."

మగ్గం ఇంటావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వుతోంది. "నేను గూడ అబద్ధమాడలే. కొంటున్నవా అని అడిగినవు, కొనలే అన్న. తింటున్నవా అంటివా?"

అప్పుడు నాకు మా ఫారం మొత్తం కళ్లముందు కనబడింది. మజ్జిగలో పాల సత్తువ చాలా వరకు ఉంటుంది, వెన్న మాత్రం ఉండదు. ఆ బేసి ఆమ్లం వెన్నతో లేచిపోతుంది. రక్తం ఎవరు పాలు పిండారో చెప్పదు, ఎవరికి వెన్న దక్కిందో చెబుతుంది. మా ఫారమేమో ఎవరు కొన్నారో అడిగింది. అందరూ నిజమే చెప్పారు. ప్రశ్నే తప్పు.

"ఎవ్వరికి జెప్పకక్కా" అంది కోడలు నా చెయ్యి పట్టుకొని. "మా అత్తకు తెలిస్తే పుస్తకాలు వొయ్యి, మా దోస్తాన్ గూడ పోతది."

చెప్పనని మాటిచ్చాను. ఇచ్చాక బస్సులో సిస్టరక్క అడిగింది. "మాటైతే ఇచ్చినవు. రేపు సారుకు ఏం జెప్తవు?"

సోమవారం పొద్దున పెద్దసారు సంచి సర్దుకుంటున్నారు. సంతకం లేని కాగితం బల్ల మీద పెట్టి నిలబడ్డాను.

"ట్యూబులు మారలేదు సార్. నలభై ఒకటి తాగేది మజ్జిగ. వెన్న తీసేశాక అందులో మన గుర్తు మిగలదు. నలభై రెండు తినేది వెన్న."

"నల్ల చాయ్ ఇంట్ల వెన్న ఎక్కడిది?"

"ఫారంలో ఆ ప్రశ్న లేదు సార్."

ఆయన సంచి కింద పెట్టారు. "మజాకా? నేనడుగుతున్న, చెప్పు."

"చెప్పనని మాటిచ్చాను సార్."

"అయితే సంతకం వెట్టు. మనిషి చెప్పిందానికి, నెత్తురు చెప్పిందానికి పొత్తు లేకుంటే ట్యూబు మారినట్టే. అది రూలు."

ఆ క్షణంలో నేనేమన్నానో నాకే ఆశ్చర్యం. అంతకుముందు రోజు కూడా చిల్లర అడగలేక బస్సు దిగిన మనిషిని. పెద్ద పుస్తకం తెరిచి, ఆఫీసువాళ్ల ఆరు నంబర్ల మీద వేలు పెట్టాను. "ఆ రూలు ప్రకారమైతే ఈ మూడో ట్యూబు కూడా మారినట్టు రాయాలి సార్. ఫారంలో నిల్ అని ఉంది. రక్తంలో ఆరుగురిలోకీ ఎక్కువ ఉంది. ఇది కూడా అక్క తప్పేనా?"

మూడో నంబరు ఎవరిదో మా ఇద్దరికీ తెలుసు.

పెద్దసారు అంకె వైపు చూశారు, నా వైపు చూశారు, లేచి వెళ్లి తలుపు దగ్గరికి వేసి వచ్చారు. నా ఉద్యోగం పోయిందనుకున్నాను. పోతే పోయిందిలే, పగలు కూడా నవలలు చదువుకోవచ్చు అని కూడా అనుకున్నాను.

ఆయన గొంతు తగ్గించి అన్నారు. "బస్టాండు వెనక ఒకడు పాలకోవ జేస్తడు. సాయంత్రం వాకింగ్‌కు పోతే... కాళ్లు గటే గుంజుతయి."

"మరి ఫారంలో..."

"పాలు తాగుతరా అని అడిగిండ్రు. పెరుగు తింటరా అని అడిగిండ్రు." ఆయన నిట్టూర్చారు. "కోవ తింటరా అని ఫారంల ప్రశ్న లేదు గదమ్మా."

ఇద్దరం ఒకరినొకరం చూసుకోలేదు. చూసుకుంటే నవ్వేవాళ్లం. ఆయన టైపు కాగితం తీసుకొని నాలుగు ముక్కలు చేసి బుట్టలో వేశారు. తలుపు తీస్తూ, "మా ఇంటికి ఫోన్ జేసి గిట్ల ఈ అంకెలు చెప్పకు" అన్నారు.

తిట్టే మనిషే గానీ, మంచి శాస్త్రజ్ఞుడు. హైదరాబాద్ నుంచి తిరిగొచ్చాక ఫారం మార్చారు. కొన్నది, ఇంట్లో చేసింది, ఒకరిచ్చింది, బజార్లో తిన్నది, అన్నిటికీ విడివిడి గడులు. "మనిషిని ఒంటరిగా అడగాలి" అన్న పాత పాఠాన్ని ప్రతి పేజీ పైనా అచ్చు వేయించారు. అది నాకోసమే. సిస్టరక్క ఉద్యోగం నిలిచింది. నలభై ఒకటో నంబరు మాత్రలు కోడలికే అందాయి. సిస్టరక్క వాటిని అత్తగారి చేతికే ఇచ్చి, రోజూ కోడలితో మింగించే బాధ్యత ఆమె మీదే పెట్టింది. బాధ్యత అనేసరికి ముసలమ్మ ఒక్క పూట కూడా తప్పించలేదట.

ఇక ఇంతవరకు ఏ నివేదికలోనూ రాయనిది ఒకటుంది. ఇప్పుడు రిటైరయ్యాను కాబట్టి చెబుతున్నాను. కొలిచేవాళ్లు కొలిచేదాన్ని ముట్టుకోకూడదని శిక్షణలో చెప్తారు. నేను ముట్టుకున్నాను. ఆ తరువాత ఆ వైపు వెళ్లినప్పుడల్లా ఫారాల ఫైలులో కోడలి కోసం ఒక నవల తీసుకెళ్లేదాన్ని. ఆమె చదివి, ఆఖరి పేజీలో పెన్సిల్‌తో తీర్పు రాసి ఇచ్చేది. ఆమె తీర్పుల కోసమే నేను కొన్ని నవలలు రెండోసారి చదివాను.

ఏడాదిన్నర తరువాత రెండో విడత రక్తం తీశాం. నలభై రెండుది ఎప్పటిలాగే ఉంది. నలభై ఒకటిది మాత్రం ఎగబాకింది. పెద్దసారు నన్ను పిలిచి, అద్దాలు ముక్కు మీదికి జార్చి, "ఈమెకు వెన్న ఎక్కడికెళ్లి వస్తున్నది?" అని అడిగారు. అడిగి, నా మొహం చూసి, "వద్దులే" అన్నారు.

నాకు తెలుసు. రక్తం తీసిన రోజే కోడలిని అరుగు మీద కాదు, పెరట్లో ఒంటరిగా కూర్చోబెట్టి అడిగాను. కొత్త ఫారంలో గడి ఉంది మరి. "ఇప్పుడు పుస్తకాలు ఏం ఇయ్యకుంటనే ఫుకట్‌గ వస్తున్నయి గదక్కా" అంది. "అయినా దోస్తుకు ఇచ్చేది ఇస్తనే ఉన్న. నాకో ముద్ద నేను తింటున్న."

మొత్తం రెండు ముద్దలు. తిరిగి వెళ్లేటప్పుడు కొట్టం ముందు అత్తగారు బర్రె గంగడోలు నిమురుతూ నిలబడి ఉంది. దాని రెండో కొమ్ముకు కూడా ఎర్రదారం కట్టి ఉంది.